సుట్టపాము

ఈ వానాకాలం ఒక పొద్దున్నే అరకు నుంచి ఫోన్ వచ్చింది.

"బాబూ, మాయమ్మ పోయింది," అంది అవతలి ఆడగొంతు.

ఎవరి అమ్మో అడగాల్సిన పని లేకపోయింది. ఆ కొండల్లో నాకు ఫోన్ చేసే చనువు ఉన్నది ఆ ఒక్క ఇంటికే. నాలుగు రోజులు జ్వరం కాసిందట. దారికడ్డంగా పారే గెడ్డ పొంగి జీపు ఊళ్ళోకి రాలేకపోయిందట. డోలీ కట్టి మోసుకుపోతామంటే "వోన తగ్గనీండి, అంత బేగి పోయి సేసీదేటుంది" అని ఆమే ఆపేసిందట. ఇదంతా చెప్పి కూతురు అసలు మాటకొచ్చింది.

"పదో నాడు దినం సేత్తన్నాం. నువ్వు రావాల. నిన్నోటడగాల."

"ఏమిటమ్మా?"

"వొచ్చినాక అడుగుతాను," అని పెట్టేసింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగా పేరు పెట్టి పిలిస్తే ఆమెకు గిట్టేది కాదు. "ఊరికే పిల్సకండి, అరిగిపోద్ది" అనేది. ఎప్పుడో పెద్ద అవసరానికి దాచుకున్నట్టు ఉండేది ఆ పేరును. మా ఇంట్లో అందరం అవ్వా అనే పిలిచాం. మనిషి పోయింది కదా అని ఇప్పుడు నేను అరగదీయడం న్యాయం కాదు.

పొట్టి మనిషి. ముక్కుకి మూడు పోగులు. నుదుటి మీద చిన్నప్పటి పచ్చబొట్టు గీతలు ముడతల్లో కలిసిపోయి, ఏది గీతో ఏది ముడతో తెలిసేది కాదు. శుక్రవారం సంతకి కొండ దిగి వచ్చేది. నెత్తి మీద తట్టలో కాలాన్ని బట్టి రాజ్మా గింజలో, అల్లమో, పనసకాయో, వెదురుకొమ్ములో ఉండేవి. నోట్లో చుట్ట ఉండేది. చుట్టంటే మామూలుగా కాదు, వెలిగించిన కొస నోటి లోపల, ఆరిన కొస బయట. అడ్డపొగ మా ఉత్తరాంధ్ర వాళ్ళకి వింత కాదు, మా నాయనమ్మా తాగేది. కానీ నాయనమ్మ చుట్ట నోట్లో ఉన్నంతసేపూ మౌనవ్రతం పట్టేది. అవ్వ అలా కాదు. నిప్పును ఒక బుగ్గకి తోసి, రెండో బుగ్గతో బేరాలాడేది, తిట్టేది, నవ్వేది. ఇన్నేళ్ళలో ఆమె నాలిక కాలిందని నేను వినలేదు.

కాఫీ తోట ఉన్న మనిషి, కాఫీ ముట్టేది కాదు. "అది అమ్మీడానికి, తాగీడానికేటి?" అనేది. మా అక్క పెట్టే బెల్లం టీ అంటే మాత్రం ప్రాణం. సంతలో తట్ట ఖాళీ అయినా కాకపోయినా మా వసారాలోకి వచ్చి కూర్చునేది. అక్క అన్నం పెడితే ఆవకాయ ముక్కను గ్లాసులో నీళ్ళతో శుభ్రంగా కడిగి తినేది. ఆవకాయ కడిగే మనిషిని చూడటం నాకదే మొదలు. అక్కా నేనూ వంటింట్లోకి వెళ్ళి మరీ నవ్వుకునేవాళ్ళం.

నేను ఆ వసారాలో ఎందుకున్నానో చెప్పాలి. హైదరాబాదులో నేను బొమ్మలు గీసే కార్టూన్ కంపెనీ ఒక సోమవారం తాళం వేసుకుంది. పాతికేళ్ళు దాటినవాణ్ణి, బొమ్మలు గీయడం తప్ప మరో పని రాదు. బావ రైల్వేలో పనిచేసేవాడు, అరకు స్టేషను వెనకాల క్వార్టరు. గాలి మారితే బాగుంటుందని అక్క పిలిచింది. గాలి మారింది గానీ ఆ కొండల మీద నాకు ఉద్యోగం ఎవరిస్తారు? వలిసె పూలు చూడటానికి వచ్చిన వాళ్ళ బొమ్మలు వేసిద్దామని రెండు రోజులు రోడ్డు మీద కూర్చున్నాను. వాళ్ళ దగ్గర కెమెరాలున్నాయి.

హైదరాబాదులో నాతో పనిచేసిన మిత్రుడొకడు దారి చూపించాడు. విదేశాల్లో బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలున్నాయట. పేకముక్కల్లాంటివే, కాకపోతే రాజూ రాణీ బదులు రాక్షసులూ, రెక్కల పులులూ, మంటలు కక్కే డ్రాగన్లూ ఉంటాయి. ఆ బొమ్మలు గీసేవాళ్ళు కావాలి, వాళ్ళు ఏ మూల ఉన్నా ఫరవాలేదు. బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ అబ్బాయి కొత్తగా ఒక కంప్యూటరూ పాత స్కానరూ పెట్టి ఇంటర్నెట్ అని బోర్డు కట్టాడు. ఒక బొమ్మ వెళ్ళేలోపు రెండు టీలయ్యేవి. మధ్యలో కరెంటు పోతే మూడోది.

ఒకటీ అరా అమ్ముడుపోయాయి. అక్క చేతిలో కూరల ఖర్చుకి ఏదో పెట్టగలిగాను. అప్పుడు ఆటలు తయారుచేసే ఒకాయన పన్నెండు జంతువులు కావాలన్నాడు. నచ్చితే ఏడాదంతా పనిస్తానన్నాడు. ఒళ్ళు దాచుకోకుండా మూడు గీసి పంపాను. మూడూ తిరిగొచ్చాయి. "చేయి బాగుంది. కానీ ఇవన్నీ మేం ఎక్కడో చూసినవే" అని ఒక ముక్క రాశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావ నెమ్మదిగా అన్నాడు. "ఏరా, విజయనగరంలో లారీ ఆఫీసొకటుంది. బిల్లులు రాసే పని. ఉగాదికి చేరమన్నారు. ఈలోగా నీ దెయ్యాలు కుదిరితే సరే. నేకపోతే మారు మాటాడకుండా వెళ్ళిపోవాల."

బావ చెడ్డవాడు కాదు. రెండు గదుల క్వార్టరులో ఇద్దరు పిల్లలతో నన్ను ఎనిమిది నెలలు భరించిన మనిషి. ఒప్పుకున్నాను. కానీ బిల్లుల పుస్తకం పట్టుకున్నాక కుంచె మళ్ళీ పట్టుకోనని నాకు తెలుసు. అలా వెళ్ళి తిరిగి రాని వాళ్ళని నలుగురిని చూశాను.

ఆ శుక్రవారమే అవ్వ నా బల్ల మీదికి వంగి రెక్కల పులిని చూసింది. అంతవరకు నా బొమ్మలకేసి ఆమె కన్నెత్తి చూసింది లేదు.

"ఇదేటి తింటాది?" అంది.

"ఏదో ఒకటి తింటుందిలే అవ్వా."

"ఏదో ఒకటంటే? ఇంత రెక్కలున్నాయి, ఈ బరువెత్తాల. కోడిపిల్ల సరిపోద్దేటి? మేకని తిన్నాదంటే పళ్ళలో పీసుండాల కదా. గోళ్ళు సూడు, మట్టి నేదు. పని నేనోడి గోళ్ళలాగున్నాయి."

ఆఖరి మాట పులికో నాకో తెలియలేదు. వంటింట్లో అక్క మాత్రం పైకే నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. అది నిజం జంతువు కాదనీ, ఊహ అనీ వివరించాను. అవ్వ ఓపిగ్గా విని, "సరే, ఊహే. ఊహకి ఆకలెయ్యదేటి?" అని తట్ట ఎత్తుకుంది.

ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ పులిని చూస్తూ కూర్చున్నాను. మరుసటి రోజు దాని గోళ్ళ కింద మట్టి పెట్టాను. ఛాతీ మీద, రెక్కలు లేపడానికి సరిపడా కండ పెట్టాను. కోరలో కొండగొర్రె ఊలు పోగొకటి ఇరికించాను. అది ఎక్కడ పడుకుంటుందో, వానొస్తే ఏం చేస్తుందో ఆలోచించి, ఒక రెక్క అంచు చిరిగినట్టు గీశాను. పంపితే నాలుగో రోజు జవాబొచ్చింది. నచ్చిందట. తక్కినవీ ఇలాగే కావాలట.

అప్పట్నుంచి శుక్రవారం కోసం ఎదురుచూడటం మొదలైంది. నేను గీసినవన్నీ వసారాలో పరిచేవాణ్ణి. అవ్వ టీ గ్లాసు పట్టుకుని సంతలో పశువుల్ని చూసినట్టు చూసేది. ప్రతిదానికీ అదే ప్రశ్న, ఇదేటి తింటాది? రెండు తలల పాముకి ఏ నోటితో తింటుందో, రెండో తల ఊరుకుంటుందో తగువుపడుతుందో అడిగింది. రాతి రాక్షసుణ్ణి చూసి, "ఈడికి తిండక్కర్నేదు, పాపం, పండగలుండవు" అని జాలిపడింది. ఆ మాట విన్నాక ఆ రాక్షసుడి మొహం మార్చి గీశాను. ఆమెకు తెలియనిదీ లేకపోలేదు. సముద్రం ఎప్పుడూ చూడలేదు కాబట్టి మత్స్యకన్యను చూసి, చేపకి మనిషి దెయ్యం పట్టిందని తేల్చేసింది. నేనెంత చెప్పినా మాట మార్చుకోలేదు.

పన్నెండింటిలో పెద్దది డ్రాగన్. ఆటకి అదే అట్ట మీద బొమ్మ. మంటలు కక్కే డ్రాగన్‌ని ప్రపంచమంతా గీసింది, నేను కొత్తగా ఏం గీయగలను? ఏడుసార్లు చించేశాను. ఉగాదికి ఇంకా మూడు వారాలుంది.

అవ్వ ఆ మంటను చూసి పెదవి విరిచింది. "నిప్పంతా బయటికూదీసింది, వోనొస్తే ఆరిపోదేటి? తిండి దగ్గరికొచ్చినా బూడిదైపోద్ది. తెలివి తక్కువ పాము." అని బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించి, గిర్రున తిప్పి, మండే కొసను నోట్లో పెట్టుకుంది. "నిప్పు దాసుకోవాల బాబూ. సేలో రెండు సేతులకీ పనుంటాది. గాలుంటాది, వోనుంటాది. నోట్లో ఎట్టుకుంటే ఎవుడూ ఆర్పలేడు."

నేను ఆమె బుగ్గకేసి అలాగే చూస్తుండిపోయాను. నిప్పు బయటికి కక్కని డ్రాగన్. నోరు మూసుకుని, నిప్పును ఒక బుగ్గలో దాచుకుని, తీరిగ్గా మాట్లాడే ముసలి డ్రాగన్.

"అవ్వా, నోరు తెరువు," అన్నాను.

"నానేటి సంతలో ఎద్దునా? పళ్ళు సూసి కొంటావేటి?"

బతిమాలాను. మూడు గ్లాసుల బెల్లం టీకి బేరం కుదిరింది. మూడు శుక్రవారాలు, వసారా మెట్టు మీద ఎండకి ఎదురుగా నోరు తెరిచి కూర్చుంది. నోట్లో నల్లగా పొగచూరి ఉంటుందనుకున్నాను. కాదు. అంగిలంతా తెల్లగా, మందంగా, సన్నని పగుళ్ళతో ఉంది. ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు. ఎంత బాగుందనుకున్నానో ఆ రోజు! ఒక్క చుక్క వదలకుండా దించాను. పైకి చూస్తే మామూలు ముసలి పాము, నోరు తెరిస్తే లోపల ఆ తెల్లటి గుహ, అందులో నిప్పు.

బొమ్మ పంపిన రోజే జవాబు వచ్చింది. "ఈ నోరు నీకెక్కడ దొరికింది?" అని రాశాడు ఆటలాయన. "మా సంతలో" అని రాశాను. హాస్యమనుకుని ఉంటాడు. పన్నెండూ తీసుకున్నాడు, ఏడాది పనిచ్చాడు. ఉగాదికి నేను విజయనగరం వెళ్ళలేదు. ఆ రోజు నుంచీ నేను తింటున్న ప్రతి ముద్దా ఆ వసారా మెట్టు దగ్గర మొదలైందే. ఈ మాట ఆమెకు బతికుండగానే చెప్పాను. "టీ సల్లారిపోతంది" అంది.

ఏం కావాలో అడగమంటే పాము బొమ్మే ఒకటి అడిగింది. రంగుల్లో అచ్చు వేయించి ఇచ్చాను. సుట్టపాము అని పేరు పెట్టుకుని, ధాన్యం బుట్ట పైన గోడకి అంటించింది. నెల తరువాత అడిగితే, "ఎలకలు తగ్గినాయి. ఇప్పుడది ఎలకల్ని తింటంది" అని తృప్తిగా చెప్పింది.

రెండేళ్ళ తరువాత నేను విశాఖపట్నంలో అద్దెకుండి, ఆటల బొమ్మలతో పాటు ఒక ప్రెస్సుకి పోస్టర్లు కూడా గీస్తుండేవాణ్ణి. పళ్ళ వైద్యం కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టరుగారొకాయన వచ్చారు. అడ్డపొగ తాగే ఆడవాళ్ళ కోసం పోస్టరు కావాలన్నారు. "దీన్ని చూసి గీయండి" అని ఒక ఫోటో బల్ల మీద పెట్టారు.

అంగిలి. తెల్లగా, మందంగా. దాని మీద ఎర్రటి చుక్కలు.

ఏమిటిది అని అడిగాను. నిప్పు వేడికి అంగిలి అలా మారుతుందనీ, అప్పుడే మానకపోతే కొందరికి కేన్సరవుతుందనీ ఆయన చెప్పారు. నేను అలమారాలోంచి డ్రాగన్ బొమ్మ తీసి ఫోటో పక్కన పెట్టాను. డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఎవరిదండీ ఈ నోరు? పాఠానికి కూడా ఇంత బాగా ఎవరూ గీయలేదు."

ఆ మెప్పు విని నాకు ఏడుపొచ్చింది. మూడు వారాలు ఒక మనిషి జబ్బును ఎదురుగా పెట్టుకుని, అందమనుకుని చుక్క చుక్కా దించి, దాన్ని అమ్ముకుని తిన్నాను. తెలియకే చేశాను, అది నిజం. కానీ ఆ పూట నాకు అన్నం దిగలేదు.

మరుసటి పొద్దున్న అరకు మీదుగా పోయే కిరండూల్ బండెక్కాను. ఆమెను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. ఆఖరికి అక్క కూడా వస్తాననడంతో కదిలింది. కొండ దిగే బండిలో కూడా చుట్ట తీయలేదు. సొరంగంలో అందరి మొహాలూ చీకట్లో కలిసిపోయాయి. ఆమె బుగ్గ ఒక్కటీ లోపల్నుంచి సన్నగా ఎర్రబడినట్టనిపించింది నాకు. భయపడుతూ కూర్చున్నాను.

డాక్టరుగారు నోట్లోకి లైటు వేసి చూస్తూ అడిగారు. "కారం తింటే మంటగా ఉంటుందా అవ్వా?"

"కారం నాను ఎప్పుడో ఒగ్గీసినాను."

"ఎందుకు?"

"మండుద్ది కదా!" అంది, ఈమాత్రం తెలియదా అన్నట్టు.

నేనూ అక్కా ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. గ్లాసులో ఆవకాయ కడుక్కుంటుంటే వంటింట్లో నవ్వుకున్నది మేమే.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తరువాత ఫలితం వచ్చింది. ఇంకా కేన్సరు కాలేదు, ఇప్పుడు మానితే నోరు చాలావరకు బాగుపడుతుంది. నేను ఆ కాగితం పట్టుకుని అరకు వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. ఎవరి మొహమాటానికీ లొంగని మనిషి, "సరే, డాక్టరు మాటిన్నాను" అంది.

పక్క నెల సంతలో చూస్తే నోట్లో చుట్ట ఉంది! నేను అరవబోయేలోగా తనే అంది. "నిప్పు లోనెట్టుకోవొద్దన్నాడు. బయటెట్టినాను. ఇంకేటి?"

నిజమే, వెలిగిన కొస బయట ఉంది. ఆమెతో వాదించి గెలిచినవాడు లేడు. కానీ ఆ ఏటి వానలు గెలిచాయి. బయటున్న నిప్పు వానకి ఆరిపోయేది, గాలికి రాలి చీర మీద పడేది. "అగ్గిపెట్టెలకే సరిపోతంది ఈ బతుకు" అని విసుక్కునేది. విసుగు పెరిగి రోజుకి రెండయింది, తరువాత ఒకటయింది, ఆఖరికి ఆరిన చుట్ట ఊరికే పంటి కింద పెట్టుకుని తిరిగింది. తరువాత అదీ లేదు.

పోస్టరు అచ్చయ్యాక మొదటి కాపీ ఆమెకే చూపించాను. అచ్చులో తన నోటిని చాలాసేపు చూసింది.

"ఇదేటి తింటాది?"

"అవ్వా, అది నీ నోరే!"

"నా నోరని ఎరుగుదును. ఇంకేటేటి తినొచ్చో అడుగుతన్నాను. ఆవకాయ తినొచ్చా?"

మరో ఏడాదికి తిన్నది. ఆ రోజు అక్క నాకు ఫోన్ చేసి, "ముక్క కడగలేదురా! కడగకుండా తినీసింది!" అని ఏడుస్తూ నవ్వింది. నా బొమ్మలకి వచ్చిన మెప్పులన్నీ ఒక ఎత్తు, ఆ ఫోన్ ఒక ఎత్తు.

పదో నాటికి గెడ్డ తగ్గింది. అక్కా నేనూ కొండెక్కాం. ఊరి వెనక కొత్త మట్టి దిబ్బ, తలవైపు నిలబెట్టిన రాయి. ఆ రాయి ముందు అడ్డాకు విస్తరి వేసి, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వడ్డిస్తున్నారు. ఆనపబుర్రలో చోడి అంబలి, సామన్నం, ఎండుచేప. స్టీలు గ్లాసులో బెల్లం టీ. అక్క తను తెచ్చిన ఆవకాయ ముక్కను కడగకుండా పెట్టింది. సన్నగా తుంపర పడుతోంది.

అప్పుడు కూతురు నా దగ్గరికొచ్చి గుప్పిట విప్పింది. లోపల ఒక చుట్టా, అగ్గిపెట్టె.

"ఇదే బాబూ అడుగుదావనుకున్నాను. ఇష్టమైనయన్నీ ఎట్టాల. ఇదెట్టకపోతే ఆమెకి కడుపు నిండదు. ఎడితే డాక్టరు మాట తప్పినట్టు. మాన్పించినోడివి నువ్వు. ఎట్టమంటావా, వొద్దంటావా?"

అందరూ నాకేసి చూస్తున్నారు. నేను విస్తరిలోని ఆవకాయ ముక్కకేసి చూశాను.

"పెట్టమ్మా," అన్నాను. "ఇంక మండదు."

వెలిగించే పని నా మీదే పడింది. రెండు దమ్ములు లాగేసరికి దగ్గొచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. విస్తరి చివర చుట్ట పెట్టబోతుంటే నెత్తి మీద పెద్ద చినుకు పడింది. చుట్టను తిప్పి, వెలిగిన కొసను రాయి వైపుకి పెట్టాను.